ఒకటో నంబరు మీద త్రిత్వం

ఆ ఏడాది వేసవి మొదట్లో నా చేతిలో ఉన్న సరుకు ఇది. బస్టాండు పక్కన ఒక ఎలక్ట్రికల్ దుకాణం. దాని వెనక గదిలో నేల నుంచి అటక దాకా సీలింగు ఫ్యాన్లు. జనం కొత్తవి వేయించుకుని నా దగ్గరే వదిలేసి పోయిన అరిగిన కండెన్సర్లు ఒక డబ్బా నిండా. ఇంట్లో పెళ్ళి కుదిరిన మేనకోడలు హెప్సిబా. వీటితో పాటు పుట్టినప్పటి నుంచి ఉన్నది, ఎవరూ ఎన్నడూ లెక్క అడగనిది, తండ్రి కుమార పరిశుద్ధాత్మల మీద విశ్వాసం.

విశ్వాసాన్ని చివర చెప్పానంటే అది తక్కువ సరుకని కాదు. చెడిపోయేది కాదు, దొంగలెత్తుకుపోయేది కాదు, కాబట్టి కాపలా అక్కర్లేదని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం తప్పని మా సంఘపు పెద్దలు ఆ వేసవిలోనే తేల్చారు.

మాది పల్నాడు. మా దేవాలయం దొరల కాలంలో కట్టిన రాతి కట్టడం. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రంతా ఆ గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. అందుకని మా సంఘంలో ఎవరు పోయినా, ఎవరికి ఉద్యోగం వచ్చినా, దేవుడికి ఫ్యాను ఇస్తారు. ఇచ్చినవాళ్ళు రెక్కల మీద పేర్లు రాయిస్తారు. మూడు రెక్కలుంటాయి గనక మాటను మూడు ముక్కలు చేసి రాయాలి. ముందు వరస మీద తిరిగే ఫ్యాను సత్యానందంగారిది. మొదటి రెక్క మీద ‘కీ.శే. దావీదయ్యగారి’, రెండో దాని మీద ‘జ్ఞాపకార్థం’, మూడో దాని మీద ‘కుమారుడు సత్యానందం, ఉపతహసీల్దారు’. ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఆయన మాత్రం తల పైకెత్తి, ఆ ఫ్యాను పూర్తిగా ఆగేదాకా కదిలేవాడు కాదు. ప్రార్థన చేసుకుంటున్నాడని మేమంతా అనుకునేవాళ్ళం.

అంతకుముందు చలికాలంలో ఆయన, ప్లీడరు నెహెమ్యాగారు, లెక్కల మాస్టారుగా పనిచేసి దిగిపోయిన ఫిలేమోనుగారు కలిసి పట్నంలో ఏదో వేదాంత సదస్సుకు వెళ్ళివచ్చారు. వెళ్ళినప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చేటప్పుడు తలా ఒక చిన్న పుస్తకం పట్టుకొచ్చారు. ముగ్గురూ ఒక్కడే దేవుడనే త్రిత్వం గురించి ఏయే మాటలు అనకూడదో అందులో అంకెలు వేసి రాసి ఉంది. నీరు, మంచు, ఆవిరి అనకూడదు, దేవుడు వేషాలు మార్చినట్టవుతుంది. సూర్యుడు, వెలుగు, వేడి అనకూడదు, కుమారుణ్ణి తండ్రి చేసిన వస్తువు కింద జమకట్టినట్టవుతుంది. గుడ్డులో పెంకు, తెల్లసొన, పచ్చసొన అనకూడదు, దేవుణ్ణి ముక్కలు చేసినట్టవుతుంది. ఇలా ముప్ఫై దుర్బోధలు. మరి ఏమనాలి? అది రెండో భాగంలో వస్తుందని వెనక అట్ట మీద అచ్చేశారు. రెండో భాగం ఇంకా అచ్చు కాలేదు.

ముగ్గురూ కలిసి సత్యోపదేశ పరిరక్షణ ఉపసంఘం అనే పేరుతో బల్లా కుర్చీలు వేసుకున్నారు. దుర్బోధను వెతికే పని మొదలైంది. వెతికే పనికి మనుషుల్ని పెట్టాక దొరక్కుండా ఉంటుందా? దొరికింది మా హెప్సిబా.

హెప్సిబా నా చెల్లెలి కూతురు. తండ్రి పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే పెరిగింది. ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేది. ఒక ఆదివారం ఒక పిల్ల లేచి, “దేవుడు ఒకడే అంటారు, ముగ్గురంటారు, ఏది నిజం టీచర్?” అని అడిగింది. హెప్సిబా పైకి చూపించింది.

“ఫ్యాను చూడండిరా. ఆగినప్పుడు ఎన్ని రెక్కలున్నాయి? మూడు. తిరిగినప్పుడు? ఒకటే చక్రం. మనకొచ్చే గాలి? ఒకటే.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. కిటికీ బయట నిలబడి వింటున్న నెహెమ్యాగారు పుస్తకం తీసి పేజీలు తిప్పారు.

మా సంఘంలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి. మూడూ చదివితేనే ఒక పెళ్ళి. హెప్సిబాది అప్పటికి రెండుసార్లు చదివారు. మూడో ఆదివారం కానుకల పాట అయ్యాక మా పాస్టరు అయ్యగారు లేచి గొంతు సవరించుకుని, మళ్ళీ కూర్చున్నారు. నేను బయట ఆయన్ని పట్టుకున్నాను.

“ఏందయ్యగారూ ఇది? చదవలేదేం?”

“నన్నడక్కు జకరయ్యా. చదువుదామనే లేచా. ఆ కాయితం సత్యానందంగారి జేబులో ఉంది.”

సత్యానందంగారు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను కూర్చోమనలేదు.

“సదరు ఆసామీ హెప్సిబా, పిల్లల సమక్షంలో, ఫ్యాను అను యంత్రమును చూపి, త్రిత్వమును వక్రీకరించినట్లు ఉపసంఘము దృష్టికి వచ్చియున్నది. విచారణ ముగియువరకు మూడో ప్రకటన నిలుపుదల చేయడమైనది.”

“వక్రీకరించిందా? ఫ్యాను చూపించిందండీ.”

“అదే. ఆగినప్పుడు మూడు, తిరిగినప్పుడు ఒకటి. అంటే ఒకప్పుడు ముగ్గురు, ఒకప్పుడు ఒక్కడు. ఒకేసారి కాదు. ఇది ఒకటో నంబరు దుర్బోధ. పాత కాలంలో దీనికి వెలివేశారు తెలుసా?”

“పాత కాలంలో ఫ్యాన్లు లేవుగదండీ.”

“అందువల్లే ఇన్నాళ్ళూ దొరకలేదు,” అన్నారు ఆయన.

పెళ్ళి మే నెల రెండో గురువారం. తెనాలి పెళ్ళివారికి కబురు నాకంటే ముందే చేరింది. పెళ్ళికొడుకు తండ్రి ఫోను చేశాడు.

“ఏంది బావగారూ, పిల్ల మీద కేసుందంటగా?”

“కేసు లేదు, గీసు లేదు. ఫ్యాను గొడవ.”

“ఫ్యాను గొడవకి ప్రకటన ఆపుతారా ఎక్కడన్నా? ఇంకేదో ఉండబట్టే దాస్తన్నారంటంది మా ఆవిడ. మాకూ చుట్టాలున్నారు, మాకూ పరువుంది. పెళ్ళికి ముందు ఆదివారం నాటికి ఆ మూడోది చదివిస్తే సరే. లేకపోతే మా దారి మేం చూసుకుంటాం.”

నేను ఫోను పెట్టేసేసరికి హెప్సిబా తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది.

“మావయ్యా, ఫ్యాను చూపించినందుకు పెళ్ళి ఆపారు. మిక్సీ చూపించుంటే ఉరేసేవాళ్ళా?” అన్నది. నవ్వుతూనే అన్నది గాని పెళ్ళికి కొన్న గాజుల పెట్టె ఆ రోజే అటక మీద పెట్టేసింది.

వారం తిరక్కుండా ఉపసంఘం ఇంకో అడుగు వేసింది. దుర్బోధకు సాధనమైనవి దేవుని మందిరంలో ఉండరాదని తీర్మానించి ఫ్యాన్లన్నీ దింపించారు. నా చేతనే దింపించారు. కొక్కేలు మాత్రం పైన మిగిలాయి. ఆ ఆదివారం ప్రసంగం నరకం మీద. వినేవాళ్ళకు వర్ణన అక్కర్లేకపోయింది. ఆడవాళ్ళు కీర్తనల పుస్తకాలతో విసురుకుంటుంటే, పుస్తకం అట్ట ఊడితే పూచీ ఎవరిదని ఫిలేమోనుగారు కోప్పడ్డారు. ముందు వరసలో ముసలమ్మ ఒకావిడ సొమ్మసిల్లింది. ఆత్మ వశమైందని చుట్టూ కూర్చున్నవాళ్ళు పాట ఎత్తుకున్నారు. నీళ్ళు చల్లడానికి కాస్త ఆలస్యమైంది.

మరుసటి రోజు ముగ్గురూ నా దుకాణానికి వచ్చారు. దుర్బోధ లేని ఫ్యాను కావాలట.

“ఏ కంపెనీదండీ అది?” అన్నాను.

“కంపెనీతో పని లేదు. సిద్ధాంతంతో పని,” అన్నారు నెహెమ్యాగారు.

నాలుగు రెక్కలది తీసి చూపించాను. నెహెమ్యాగారు వెనక్కి తగ్గారు. “నాలుగో వ్యక్తి ఎవరయ్యా?”

రెండు రెక్కలది ఉందన్నాను. “పరిశుద్ధాత్మను తీసేశావా?” అన్నారు ఫిలేమోనుగారు.

గోడ ఫ్యాను చూపించాను. అది అటూ ఇటూ మొహం తిప్పింది. మార్పులేని దేవుని మందిరంలో ఇలా తిరిగేది పనికిరాదన్నారు. కూలరు చూపించాను. ముగ్గురూ దాని చుట్టూ నిలబడి చల్లగా ఊపిరి పీల్చుకున్నారు. సత్యానందంగారి మొహంలో మొదటిసారి శాంతి కనబడింది. అంతలో నెహెమ్యాగారు వెనక మూత తీసి లోపలికి చూశారు.

“ఇందులో నీళ్ళున్నాయి.”

“ఉంటాయండీ.”

“నీళ్ళు పోసి, ఆవిరి చేసి, చలవ చేస్తావు. నీరు, ఆవిరి, మంచు. ఇది ఫ్యానుకంటే ఘోరం.”

ముగ్గురూ కూలరుకు దూరంగా జరిగారు. దూరంగా జరగడానికి ఫిలేమోనుగారికి కాస్త సమయం పట్టింది.

విచారణ శనివారం పొద్దున, దేవాలయాన్ని ఆనుకుని ఉన్న వెస్ట్రీ గదిలో పెట్టారు. కిటికీలు మూసేశారు, విచారణ రహస్యమని. మేనమామను గనక నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. సత్యానందంగారు మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని మొదలుపెట్టారు.

“ఆసామీ తన దోషమును అంగీకరించుచున్నదా?”

“అంగీకరిస్తన్నా తాతగారూ,” అన్నది హెప్సిబా. “తప్పే చెప్పా. మరి ఒప్పేందో చెప్పండి. బట్టీ పట్టి పిల్లలకు కూడా అదే చెప్తా.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తప్పు ఒప్పుకున్నవాళ్ళు ఎదురు అడుగుతారని పుస్తకంలో లేదు.

“చెప్పండి తాతగారూ. పిల్లలు అడుగుతున్నారు. దేవుడు ఫ్యాను కాకపోతే మరెట్టాగుంటాడు టీచర్ అని మొన్న ఒక పిల్ల మా ఇంటికొచ్చింది.”

ఫిలేమోనుగారు చెమట తుడుచుకున్నారు. “ఇందులో కష్టమేముందమ్మా? త్రిభుజం తీసుకో. భుజాలు మూడు, త్రిభుజం ఒకటి.”

నెహెమ్యాగారు పేజీ తిప్పారు. “మాస్టారూ, పదకొండు. భుజం అనేది త్రిభుజంలో ముక్క. మీరు దేవుణ్ణి ముక్కలు చేశారు.”

“నేనా? నా సర్వీసంతా లెక్కలు చెప్పా!”

“అందుకే చేశారు. నేను చెప్తాను వినమ్మా. ముగ్గురన్నదమ్ములు, పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి. మనుషులు ముగ్గురు, ఆస్తి ఒక్కటి.”

ఫిలేమోనుగారు తన పుస్తకం తెరిచి ఆత్రంగా వెతికారు. దొరికినప్పుడు ఆయన మొహం ఫస్టు క్లాసు వచ్చిన కుర్రాడిలా వెలిగింది. “పంతొమ్మిది! ముగ్గురు దేవుళ్ళు! ప్లీడరుగారు ముగ్గురు దేవుళ్ళను కొలుస్తున్నారు!”

“కొట్లాడబాకండి,” అన్నారు సత్యానందంగారు. “నన్నే తీసుకోండి. ఇంట్లో తండ్రిని. ఆఫీసులో ఉపతహసీల్దారుని. ఇక్కడ అధ్యక్షుణ్ణి. మనిషిని ఒక్కణ్ణే.”

మిగిలిన ఇద్దరికీ పుస్తకం తెరవనక్కర్లేకపోయింది.

“ఒకటి!” అన్నారు కలిసి.

“అది ఫ్యాను నేరమేగా తాతగారూ?” అన్నది హెప్సిబా.

“అధ్యక్షుడికి వర్తించదు.”

“ఎందుకు వర్తించదు? నన్ను పదకొండన్నప్పుడు మీరు నోరు మూసుకు కూర్చున్నారుగా!” అన్నారు ఫిలేమోనుగారు.

“మీరు పదకొండే గనక కూర్చున్నాను. మీ తాత హయాంలో మీ కుటుంబమే సంఘంలో చీలిక తెచ్చింది.”

“మా తాతను అంటావా? మీ నాయన బాప్తిస్మం తీసుకుంది పాల పొడి కోసం!”

అక్కడి నుంచి త్రిత్వం వెనకబడింది. ఎవరి తాత ఏ దొర దగ్గర వంట చేశాడో, ఎవరి పెదనాన్న దేవాలయం రాళ్ళు ఇంటికి మోయించాడో అన్నీ బయటికొచ్చాయి. ముగ్గురూ ఒకర్నొకరు సంఘం నుంచి వెలివేసినట్టు ప్రకటించుకుని, తలా ఒక తలుపు వెతుక్కున్నారు. గదికి ఒకటే తలుపు. అందులోంచి వరసగా, ఒకరికొకరు తగలకుండా బయటపడ్డారు.

“తాతగారూ, నా సంగతి?” అని వెనక నుంచి అడిగింది హెప్సిబా.

“విచారణ వాయిదా,” అన్నారు సత్యానందంగారు, వెనక్కి తిరక్కుండానే.

తెనాలివాళ్ళు చెప్పిన గడువు మర్నాటి ఆదివారమే. ఆపినవాళ్ళు ముగ్గురు కలిసి ఆపారు. విడవాలన్నా ముగ్గురు కలవాలి. ఆ ముగ్గురూ కలిసి కూర్చునే ఆశ లేదు.  ఇంటికి రెండిళ్ళ ముందు హెప్సిబా ఆగి, “పెళ్ళి పోతే పోనీ మావయ్యా. వాళ్ళకే తెలియనిదానికి నన్నెందుకు నిలబెట్టారంట?” అన్నది. అప్పుడు ఏడ్చింది.

దుకాణంలో కూర్చునేవాడికి చదువు లేకపోయినా ఒక సంగతి పట్టుబడుతుంది. బేరానికి వచ్చినవాడు అడిగేది ఒకటి, వాడికి కావలసింది ఒకటి. అడిగింది చూపిస్తే బేరం తెగదు. ఉపసంఘం అడిగింది సిద్ధాంతం. నా దగ్గర సిద్ధాంతం లేదు. కావలసిందేమిటో ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాను. సత్యానందంగారు తల పైకెత్తి ఫ్యాను ఆగేదాకా నిలబడే దృశ్యం గుర్తొచ్చింది. రెగ్యులేటరు ఐదో నంబరు మీద ఉంటే తిరిగే ఫ్యాను మీద ఎవరి పేరూ ఎవరూ చదవలేరు. ఆయన అక్కడ చేసింది ప్రార్థన కాదు.

ఫ్యాను వేగం తగ్గిందంటే కండెన్సరు అరిగిందని అర్థం. జనం నా దగ్గరకొచ్చి పాతది తీయించి కొత్తది వేయించుకుంటారు. సాయంత్రం నేను డబ్బాలోంచి ఏరి బాగా అరిగినవి మూడు తీసుకుని, గుడికి పోయి, ముగ్గురూ పేర్లు రాయించి ఇచ్చిన ఫ్యాన్లకూ కొత్తవి తీసి పాతవి వేశాను. పైకెక్కించి రెగ్యులేటరు ఒకటి మీద పెట్టాను. గానుగెద్దు నయం అనిపించేలా తిరిగాయి. అప్పుడు ముగ్గురికీ వేరువేరుగా కబురు పంపాను, మిగతా ఇద్దరూ రావటంలేదని చెప్పి.

ముగ్గురూ వచ్చారు. ఒకర్నొకరు చూసి తిరగబోయారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడి, “ఒక్కసారి పైకి చూడండి,” అన్నాను.

కీ.శే. దావీదయ్యగారు మెల్లగా దాటిపోయారు. వెనకే జ్ఞాపకార్థం వచ్చింది. దాని వెనక కుమారుడు సత్యానందం, ఉపతహసీల్దారు. మళ్ళీ దావీదయ్యగారు. పక్కన నెహెమ్యాగారి తల్లి పేరు, వెనకే ఆయనది. అవతల ఫిలేమోనుగారి డిగ్రీలు, ఒక్కో రెక్కకు ఒకటి. వెనక వరసలోంచి కూడా గుడ్డివాళ్ళు తప్ప అందరూ చదువుకోవచ్చు.

ముగ్గురి తలలూ రెక్కలతో పాటు మెల్లగా తిరిగాయి.

“రెక్కలు మూడూ కనపడతన్నాయా?” అన్నాను.

“స్పష్టంగా,” అన్నారు సత్యానందంగారు.

“చక్రం ఒకటే కనపడతందా?”

“ఒకటే,” అన్నారు ఫిలేమోనుగారు.

“ఒకేసారి?”

“ఏకకాలంలో!” అన్నారు నెహెమ్యాగారు. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. “ఇది ఇందులో లేదు.”

“గాలి రావట్లేదు గదా?” అన్నారు తలుపు దగ్గర నిలబడ్డ అయ్యగారు.

“గాలి అప్రస్తుతం,” అన్నారు సత్యానందంగారు.

అక్కడే తీర్మానం అయింది. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు గనక ముగ్గురూ నాతో మాట్లాడారు, నేను అటూ ఇటూ అందించాను. ఫ్యాన్లన్నీ తిరిగి ఎక్కించాలి. అన్నిటికీ అదే రకం సాధనం అమర్చాలి. ఒకటో నంబరు సత్యోపదేశం. రెండు మొదలు ఐదు వరకు క్రమంగా దుర్బోధ. రెగ్యులేటర్లను చెక్కపెట్టెలో పెట్టి మూడు తాళాలు వేయాలి, ఒక్కో తాళంచెవి ఒక్కొక్కరి దగ్గర. ముగ్గురూ ఏకమైతేనే పెట్టె తెరవాలి.

“మరి పిల్ల సంగతి?” అన్నాను, నిచ్చెన ఎక్కి కూర్చుని. మిగతా ఫ్యాన్లు ఇంకా నేల మీదే ఉన్నాయి, నేను చెయ్యి వేయందే అవి పైకెక్కవు.

సత్యానందంగారు పైకి చూస్తూనే చెప్పారు. “సదరు ఆసామీ, ఫ్యాను ఐదో నంబరు మీద ఉండగా చూపడం వలన దోషము సంభవించినది. ఒకటో నంబరు మీద చూపియుండిన యెడల దోషము లేదు. కావున ప్రకటనకు అభ్యంతరము లేదు. అయితే ఐదో నంబరు బోధించిన నోటితో ఇకమీదట పిల్లలకు పాఠము చెప్పరాదు.”

మరుసటి రోజు ఆరాధనలో మూడో ప్రకటన చదివారు. గురువారం పెళ్ళి జరిగింది. తెనాలివాళ్ళు సూట్లు వేసుకొచ్చారు పాపం. పెళ్ళికొడుకు చేతి చెమటకు ఉంగరం రెండుసార్లు జారి కింద పడింది. ప్రమాణాలు చెప్పేటప్పుడు అతను కళ్ళు పైకి తేలేసి చూస్తుంటే, భక్తి గల కుర్రాడని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. అతని తండ్రి శుభలేఖతో విసురుకుంటూ నా చెవి దగ్గరకు వంగాడు.

“బావగారూ, తమది ఫ్యాన్ల దుకాణమే కదా?”

“అవును.”

“నడుస్తందా?”

ఇప్పుడు చివరి లెక్క.

వెనక గదిలో ఫ్యాన్లు ఒక్కటి కూడా లేవు. మా సంఘంలో సగం మంది క్వారీ రోడ్డు మీద కొత్తగా పెట్టిన ప్రార్థన మందిరానికి వెళ్ళిపోయారు, ఆ మందిరంవాళ్ళు అన్నీ కొనుక్కుపోయారు. అక్కడ ఐదు మీద నడుస్తున్నాయి. డబ్బాలో కండెన్సర్లు లేవు, పారేయాల్సినవి సత్యోపదేశమై దేవుని మందిరంలో వేలాడుతున్నాయి. మేనకోడలు తెనాలిలో ఉంది, అక్కడి ఆదివారం బడిలో పిల్లలకు మళ్ళీ పాఠం చెబుతోంది, పాఠమేమిటని నేను అడగలేదు. ఇక్కడి బడిలో పిల్లలు మిగిలింది కొద్దిమందే. దేవుడెలా ఉంటాడని వాళ్ళిప్పుడు ఎవరినీ అడగరు.

రెండు వేసవులు గడిచాయి. చెక్కపెట్టె తెరవలేదు. తాళాలు గట్టివి కావు, నా దుకాణానివే. ముగ్గురూ ఏకం కావాలిగా.

త్రిత్వానికి మాత్రం ఏ నష్టమూ రాలేదు. మొదట ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. దాన్ని కాపాడినవాళ్ళు ముగ్గురు, ఆదివారం ఆదివారం ముందు వరసలో దూరం దూరంగా మూడు చోట్ల కూర్చుని, చెమటలు కారుతుంటే, ఎవరి పేరు వాళ్ళు చదువుకుంటుంటారు. ఒకరితో ఒకరికి మాటల్లేవు.